బతికున్నవాడి చావు కబురు

బెర్గెన్
2011 ఫిబ్రవరి 21

అక్కా,

పోయిన సోమవారం నన్ను వదిలేశారు. గేటు దగ్గర కాపలావాడు చెయ్యి కలిపి, "మళ్ళీ మనం కలవకూడదని కోరుకుంటున్నా" అని తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. బయటికి వెళ్ళే ప్రతివాడికీ అదే చెబుతాడట. ఐదేళ్ళ ఎనిమిది నెలల్లో చివరి మూడేళ్ళు నా తలుపుకి తాళం వేసినవాడి దగ్గర నాకోసం వేరే మాట ఒక్కటీ లేదు.

ఇప్పుడు మిషన్ వాళ్ళ వసతిగృహంలో ఉన్నాను. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. నిజం చెప్పాలంటే జైలు గదే నయం, సముద్రం ఓ ముక్క కనబడేది. నన్ను కనిపెట్టుకుని ఉండే ఆఫీసరమ్మ పేరు బెంటే. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. నేనేం చెప్పినా తల ఓ పక్కకి వాల్చి వింటుంది. మొదట్లో మెడ పట్టేసిందేమో అనుకున్నాను. వారానికి మూడు రోజులు 'మళ్ళీ సమాజంలోకి' అని తరగతి నడుపుతుంది. పదకొండుమంది దొంగలం, హంతకులం గుండ్రంగా కూర్చుంటాం. గోడకి కాగితం చెట్టొకటి అంటించారు. ఒక్కొక్కడు ఒక్కో ఆకు మీద తన ఆశ రాయాలి. "ఈ చెట్టు నరికి పడవ చేసుకోవాలి" అని రాశాను. "ఎంత బాగా రాశావు తోర్మోద్!" అంది. వెక్కిరింపు కూడా అర్థం కానివాళ్ళ చేతుల్లో పడ్డాను.

ముప్ఫై ఏళ్ళు పడవలు కట్టినవాణ్ణి, ఇప్పుడు విరిగిన కుర్చీలకి బంక పూస్తున్నాను. నా బాడిస, ఉలులు, చిత్రికలు నీ షెడ్డులోనే ఉన్నాయి కదా. జూన్‌లో బెంటేని అడిగి ఓ వారం మన హెస్ట్‌వీక వస్తాను. అవి తెచ్చుకుంటాను, నిన్నూ చూసినట్టుంటుంది.

ఐలిఫ్ వాళ్ళమ్మ ఇంకా చర్చి పక్కింట్లోనే ఉంటోందా? నేను చంపిన మనిషి తల్లి ఎదురుపడితే ఏం చెయ్యాలో కూడా మాకు ఓ పాఠం చెప్పారు. ఊపిరి పీల్చి వదలాలట. అంతే పాఠం.

తమ్ముడు
తోర్మోద్


హెస్ట్‌వీక
మార్చి 3

తోర్మోద్‌కి,

నీ ఉత్తరం అందింది. కవరు వెనక నీ పేరు అంత లావు అక్షరాలతో దండోరా వెయ్యకు. ఇప్పుడిక్కడ పోస్టాఫీసు లేదు. ముప్ఫై ఒక్కేళ్ళు నేను కూర్చున్న బల్ల పీకేసి, ఓడ్వార్ కొట్లో బంగాళాదుంపల బస్తాల పక్కన ఉత్తరాలు పంచుతున్నారు. అక్కడున్న పిల్ల ప్రతి కవరూ పైకి చదివి మరీ ఇస్తుంది. ఆ రోజు నా అదృష్టం కొద్దీ ఫోను చూసుకుంటోంది. ఇకమీదట కవరు మీద నీ పేరు ఉండకూడదు. తెలిసిందా?

కుర్చీలకి బంక పూస్తున్నావని నేను జాలిపడాలా? మనిషిని చంపినవాడికి పని, గది, తల వాల్చి వినే అమ్మాయి, ఇన్ని ఇచ్చారు. నాకు మోకాలు నొప్పి మొదలై నాలుగేళ్ళయింది, తల వాల్చి విన్నవాడు ఒక్కడు లేడు. డాక్టరు కంప్యూటర్ వైపు చూసి మాట్లాడతాడు.

జూన్‌లో రావద్దు. ఇంటి కప్పు తీయించి కొత్తది వేయిస్తున్నాను, పడుకోవడానికి చోటుండదు. పనిముట్లు పెట్టెలో పెట్టి పడవకి వేయిస్తాను.

ఐలిఫ్ తల్లి యోర్దిస్ సంగతి నీకెందుకు? ఆవిడ పేరు నీ కలంలోకి రానివ్వకు. ఎందుకు కొట్టావని కోర్టులో జడ్జి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "గుర్తులేదు" అన్నావు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. ఆవిడ నా ముందు వరసలో కూర్చుంది. అప్పుడు ఊపిరాడనిది ఎవరికో నాకు తెలుసు. ఇప్పుడు నువ్వు ఊపిరి పీల్చి వదులుతావట!

ఈసారి కాడ్ చేపలు బాగా పడ్డాయి. మనుషులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నారు.

నీకు అక్కనవడంలో నా ప్రమేయం లేని
ఆస్లౌగ్


బెర్గెన్
ఏప్రిల్ 17

అక్కా,

పెట్టె అందింది. ఉలులకి తుప్పు పట్టకుండా గొర్రె కొవ్వు రాసి, పాత గుడ్డలు చుట్టి పంపావు. అది నీ పనే అని ఒప్పుకోవడం నీకు కష్టమని తెలుసు, కాబట్టి థాంక్స్ చెప్పను.

వాటివల్లే పని దొరికింది. రేవు చివర విలియం అని డెబ్బై నాలుగేళ్ళ ముసలాడు పాత చెక్కపడవలు బాగుచేస్తాడు. బెంటే ఓ ఫైలు పట్టుకుని నాతో వచ్చి, నా 'ప్రయాణం' గురించి ముసలాడికి చెప్పబోయింది. ఆయన ఫైలు ముట్టుకోలేదు.

"మనిషిని చంపావట కదా?"

"అవును."

"తాగి ఉన్నావా?"

"తాగలేదు."

"అయితే ఇంకా పెద్ద వెధవ్వి. పెట్టె తెరువు."

ఉలులు ఒక్కొక్కటీ తీసి బొటనవేలి మీద పదును చూశాడు. సోమవారం రమ్మన్నాడు. బయట మెట్ల మీద బెంటే కళ్ళు తుడుచుకుంది. ఇదంతా తన తరగతి చలవే అనుకుంటోంది. అనుకోనీ.

ఇక నీ కప్పు సంగతి. ఆ కప్పు 2003లో వేసింది నేను. ప్రతి పలకకీ మేకు కొట్టింది నేను. నలభై ఏళ్ళదాకా దానికి చావులేదు. నా దగ్గరా నీ అబద్ధాలు? కవరు మీద పేరొద్దంటావు, ఇంటికి రావద్దంటావు. ఎవరతను? అరవై ఆరేళ్ళకి నీకు మనిషి దొరికాడని తెలిస్తే నేను నవ్వుతానని భయమా? నవ్వుతాను, నిజమే. పళ్ళున్నవాడేనా?

నీ
తోర్మోద్
(కవరు మీద రాయలేదు చూడు)


హెస్ట్‌వీక
మే 9

తోర్మోద్‌కి,

ఆరేళ్ళు లోపలున్నా నీ నోటికి బుద్ధి రాలేదు. అవును, ప్రతి గురువారం ఒకరు కాఫీకి వస్తారు. పదకొండింటికి వచ్చి ఒంటిగంటకి వెళతారు. పళ్ళున్నాయి. ఇంకేం కావాలి నీకు?

పెట్టెలో గొర్రె కొవ్వు మిగిలిపోయింది కాబట్టి రాశాను. పారెయ్యడానికి మనసొప్పలేదు.

జూన్‌లో రాకు. జూలైలోనూ రాకు. ఈ ఒక్కటీ అడుగుతున్నాను. నీకోసం నేను వదులుకున్నవాటి జాబితా రాయను, కాగితం చాలదు. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్.

ఆస్లౌగ్


బెర్గెన్
జూన్ 27

అక్కా,

నేను చచ్చిపోయానట. నాకు చెప్పకపోవడం నీ మర్యాదేనా?

శుక్రవారం చేపల బజారులో రొయ్యలు కొంటున్నాను. పక్కన ఒకడు తూకం సరిగా లేదని అమ్మేవాడితో పోట్లాడుతున్నాడు. గొంతు ఎక్కడో విన్నట్టుందని తిరిగి చూస్తే, మన ఓడ్వార్! కొట్టు ఓడ్వార్! నన్ను చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. వెనక్కి అడుగేసి రొయ్యల బుట్టలో కూలబడ్డాడు.

"నువ్వు చచ్చిపోయావు కదరా!"

"ఎవరన్నారు?"

"మీ అక్క!"

"ఎప్పుడు?"

"మూడున్నరేళ్ళయింది! న్యుమోనియా! నీ పేరున నేను చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించాను!"

ఏదో నేను కావాలని బతికుండి ఆ కొవ్వొత్తి తన దగ్గర కాజేసినట్టు చూశాడు. బజారంతా గుమిగూడింది. వాడి కోటు నిండా రొయ్యలు. వాణ్ణి లేపి నిలబెట్టింది నేనే, శవాన్ని.

కంటి ఆపరేషన్‌కి వచ్చాడట. తొమ్మిదో తేదీ శనివారం పడవకి తిరిగొస్తాడు. "ఫోన్లో చెప్పే విషయమా ఇది, నేనే వెళ్ళి చెబుతా" అన్నాడు. ఊరంతా తిరిగి తనే చెప్పడం వాడికి పండగ.

నన్ను చూడ్డానికి ఒక్కసారి రాలేదు. సరే అనుకున్నాను. పండక్కి ఒక మేజోళ్ళ జత పంపేదానివి. అదే చాలనుకున్నాను. చచ్చినవాడికి మేజోళ్ళెందుకు పంపావే? నీ గురువారం మగాడి ముందు హంతకుడి అక్కవి కాకుండా ఉండటానికి నన్ను పూడ్చేశావు, అంతేగా?

తోర్మోద్, కీర్తిశేషుడు


హెస్ట్‌వీక
జూలై 2

తోర్మోద్,

అరవకుండా చదువు.

నేను నిన్ను చంపలేదు. 2007 నవంబరులో నిన్ను ఉత్తరాది జైలు నుంచి బెర్గెన్ పక్కకి మార్చారు, గుర్తుందా? ఆ వారం చర్చి మెట్ల దగ్గర పాస్టరు ఆపాడు. "తమ్ముడెలా ఉన్నాడు?" అని అందరికీ వినబడేట్టు అడిగాడు. తనెంత దయగలవాడో పదిమందీ చూడాలి కదా. నాకు ఒళ్ళు మండి, "ఇక్కడ లేడు, పోయాడు" అన్నాను. మార్చేశారని నా భావం. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "భగవంతుడు ఆయన ఆత్మకి శాంతినివ్వాలి" అన్నాడు.

సరిదిద్దాలి. నోరు తెరిచాను కూడా. కానీ రెండున్నరేళ్ళుగా ఈ ఊళ్ళో నా చెయ్యి ఎవరూ ముట్టుకోలేదు, తోర్మోద్. కొట్లోకి వెళితే మాటలు ఆగిపోయేవి. నేను కూర్చున్న బెంచీలో ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఆ రోజు నలుగురు నన్ను కౌగిలించుకున్నారు. ఎలా పోయాడంటే న్యుమోనియా అన్నాను. బూడిద ఎక్కడంటే సముద్రంలో కలిపేశారన్నాను. చూడు, మొదలుపెడితే ఎంత తేలికో. ఇన్నాళ్ళూ మంచిగా ఉంటే వెలివేసినవాళ్ళు, ఒక్క అబద్ధానికి ఇంటికి వచ్చి గిన్నెలు కడిగి వెళ్ళారు. వాళ్ళ మీద నాకున్న గౌరవం ఆ రోజే పోయింది, నా మీద ఉన్నదీ దానితోపాటే పోయింది.

మరుసటి గురువారం తలుపు చప్పుడైంది. యోర్దిస్. చేతిలో కేకు. "నీకూ ఒకడు పోయాడటగా" అంది. లోపలికొచ్చి కూర్చుంది. అప్పటినుంచి ప్రతి గురువారం వస్తోంది. నీ 'మగాడు' ఆవిడే.

ఇప్పుడు అర్థమైందా నేనెందుకు రావద్దన్నానో? ఓడ్వార్ పడవ దిగేలోపు, ఏడో తేదీ గురువారం, నేనే ఆవిడకి చెప్పాలి. ఆ తర్వాత ఆవిడ నా గడప తొక్కదు. నీవల్ల నాకు మిగిలిన ఒక్క మనిషీ అప్పుడు ఉండదు.

మేజోళ్ళు చచ్చినవాడికి కాదు పంపింది.

ఆస్లౌగ్


బెర్గెన్
జూలై 5

అక్కా,

యోర్దిస్! నా చావు మీద పీట వేసుకుని కూర్చుని, నేను చంపినవాడి తల్లితో మూడున్నరేళ్ళు కేకు తిన్నావు. జైల్లో నాతో ఉన్నవాళ్ళలో ఒకడు ముసలమ్మలని మోసం చేసి వచ్చాడు. వాడు కూడా నీముందు దిగదుడుపే.

అయినా ఆవిడకి చెప్పకు. నేనిక్కడే ఉండిపోతాను. విలియం దగ్గర పనుంది. ఓడ్వార్‌కి ఆపరేషన్ చేసిన కళ్ళు, ఎవర్నో చూసి పొరబడ్డాడను. కళ్ళకి కట్టు కట్టుకుని వస్తాడు, నమ్ముతారు. నేను చచ్చిన ఊరికి రాకపోతే నాకేం పోయింది?

ఈ ఉత్తరం గురువారంలోగా అందాలని ఎక్స్‌ప్రెస్‌లో వేస్తున్నాను.

తో.


హెస్ట్‌వీక
జూలై 8

తోర్మోద్,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం ఈ రోజు వచ్చింది, శుక్రవారం. పోస్టు శాఖ పరువు నేను దిగిపోగానే పోయింది.

నిన్న చెప్పేశాను. కాఫీ పోశాను, ఆవిడ చక్కెర వేసుకుంది. "యోర్దిస్, మా తోర్మోద్ చచ్చిపోలేదు" అన్నాను. ఆవిడ చెంచా తిప్పుతూనే ఉంది.

"తెలుసు," అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"2008 వసంతం నుంచి. వాణ్ణి ఒక్కరోజు సెలవు మీద వదిలినా నాకు జైలు నుంచి కాగితం వస్తుందే పిచ్చిదానా. చచ్చినవాడి తల్లికి చెప్పాలని చట్టం. మొత్తం తొమ్మిది కాగితాలొచ్చాయి. విడుదలకి ఒకటి."

"మరి నోరెత్తలేదేం?"

"మొదటి కాగితం వచ్చిన వారం నీ మొహాన కొట్టడానికే వచ్చాను. ఆ రోజు నువ్వు నీ తమ్ముడి చివరి మాటలు చెప్పి ఏడ్చావు. అబ్బో, ఎంత బాగా ఏడ్చావో! ఇది ఎంతదూరం పోతుందో చూద్దామని వచ్చే వారం వచ్చాను. పై వారం వచ్చాను. ఆ తర్వాత అలవాటైంది."

"నన్ను అసహ్యించుకోవడానికి వచ్చావా, ఇన్నేళ్ళూ?"

"కొంత. మిగతా ఊరంతా నన్ను చూడగానే గొంతు తగ్గిస్తారు, నేనేదో పగిలిపోయే గాజుసామాను అయినట్టు. నువ్వొక్కదానివే నాతో మామూలుగా దెబ్బలాడేదానివి. నాకు అబద్ధాలకోరు కావలసొచ్చింది, ఏం చెయ్యను?"

కేకు కూడా తింది, తోర్మోద్. రెండో ముక్క అడిగి మరీ తింది. వెళ్ళేముందు కోటు గుండీలు పెట్టుకుంటూ అంది: "వాడు వస్తాడో రాడో నాకనవసరం. ఒక్కటి రాసి పంపమను. మావాణ్ణి ఎందుకు కొట్టాడో. 'గుర్తులేదు' అని రాస్తే ఇక ఈ ఇంటికి రాను."

కాబట్టి రాయి. నాకోసం కాదు. సరే, నాకోసం కూడా.

ఆస్లౌగ్


బెర్గెన్
జూలై 19

అక్కా,

ఇది ఆవిడకి చదివి వినిపించు. నీ మాటలు కలపకు.

పోయిన మంగళవారం పాకలో ఓ పలక వంచి పడవకి బిగించాను. విలియం ఓ కన్ను మూసి చూసి, "వంకర" అని నవ్వాడు. నా చేతిలో కొయ్యసుత్తి ఉంది. చెయ్యి పైకి లేవలేదు, కానీ లేవాలనుకుంది. సుత్తి బల్ల మీద పెట్టి రేవు చివరికి పోయి వానలో నిలబడ్డాను. బెంటే చెప్పినట్టు ఊపిరి పీల్చి వదిలాను. నీకు నవ్వొస్తుంది, నవ్వుకో. తిరిగొస్తే విలియం, "నీ కాఫీ చల్లారింది" అన్నాడు. పలక ఊడదీసి మళ్ళీ బిగించాను.

ఆరేళ్ళ కింద నాకు ఆ నాలుగడుగులు వెయ్యడం చేతకాలేదు.

నాకంతా గుర్తుంది. మొదటిరోజు నుంచీ గుర్తుంది. జూన్ మంటల పండగ. అందరూ ఒడ్డున మంట చుట్టూ ఉన్నారు. నేను రెండు చలికాలాలు కూర్చుని కట్టిన నా సొంత పడవ ఆ రోజే పాక బయటికి లాగాను. పొద్దుటినుంచీ ఊరంతా వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. అప్పుడు ఐలిఫ్ ఒక్కడే వచ్చాడు, చేతిలో సాసేజ్ తింటూ. ముందు నిలబడి ఓ కన్ను మూసి చూశాడు. "తోర్మోద్ బాబాయ్, ఇది ఎడమకి చూస్తోందే" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వాపుకుని, "ఎవరికీ చెప్పనులే" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు నామీద జాలిపడ్డాడు. ఆ జాలికే కొట్టాను. తెడ్డు పక్కనే ఉంది.

ఇంతే. తాగుడు లేదు, ఆడమనిషి లేదు, పాత పగ లేదు. కోర్టులో ఇది చెప్పడానికి సిగ్గేసింది. ఇంత చిన్నదానికి మనిషిని చంపానని చెప్పడం కన్నా గుర్తులేదనడం గౌరవంగా తోచింది. ఐలిఫ్ ఏ తప్పూ చెయ్యలేదు. పడవ నిజంగానే వంకర. రెండు వేళ్ళ వెడల్పు, ఎడమకి.

తోర్మోద్


హెస్ట్‌వీక
ఆగస్టు 12

తోర్మోద్,

చదివాను. నా మాటలు కలపలేదు. ఆవిడ మళ్ళీ చదవమంది. రెండోసారి సగంలోనే లేచి, కోటు కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు గురువారాలు రాలేదు. కేకులు చేసి సముద్రపు గల్ పక్షులకి వేశాను. అవి బలిసి కొట్టుకుంటున్నాయి.

ఊళ్ళో నీ పునరుత్థానం గురించి ఓడ్వార్ ఇచ్చినన్ని ప్రసంగాలు పాస్టరు కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. గిన్నెలు కడిగి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు నా గుమ్మం ముందు నడకవేగం పెంచుతున్నారు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాను. వాళ్ళకది నచ్చడం లేదు.

నిన్న పదకొండింటికి తలుపు చప్పుడైంది. లోపలికొచ్చి, మేకుకి వేలాడుతున్న తన కోటు జేబులు తడిమి చూసుకుంది, నేనేదో కొట్టేస్తానన్నట్టు. కూర్చుంది.

"మావాడి మీద నేను ఎన్ని నేరాలు మోపానో తెలుసా నీకు?" అంది. "ఎవరి పెళ్ళాన్నో ఏదో అన్నాడనుకున్నాను. ఏదో దొంగిలించాడనుకున్నాను. ఊరికే ఎవరూ కొట్టరు కదా అనుకున్నాను. కన్నతల్లిని. ఆరేళ్ళు నా కొడుకుని నేనే విచారించాను."

నేను కాఫీ పోశాను.

"వాడికి కన్ను మంచిదే. చిన్నప్పుడు గోడ మీద పటాలు కూడా సరిచేసేవాడు," అంది. కాఫీ తాగింది. చాలాసేపు తాగింది. తర్వాత అంది: "మీ తమ్ముణ్ణి నేను క్షమించను. అది రాయి."

"రాస్తాను."

"ఆరేళ్ళు వాడెవడో పెద్ద రాక్షసుడనుకుని, ఎదురుపడితే ఎలాగని భయపడి చచ్చాను. తీరా చూస్తే ఇంతవాడా? ఒక్క నవ్వుకి? మావాడు ఇంత చిన్న మనిషి చేతిలో పోయాడా?" వేళ్ళు రెండు పక్కపక్కన పెట్టి చూపించింది. "రమ్మను. చిన్నవాళ్ళంటే నాకు భయం లేదు."

కాబట్టి రా. ఇరవై ఏడో తేదీ శనివారం మధ్యాహ్నం పడవకి రా, రేవులో అందరూ ఉండే వేళ. తల దించుకుని రాకు, ఎత్తుకుని కూడా రాకు. సంచీ నువ్వే మోసుకో, నా మోకాలి సంగతి నీకు తెలుసు. ఆవిడ తన ఇంటి ముందు నిలబడి నిన్ను చూస్తానంది. పలకరించదు. నువ్వూ పలకరించకు. ఆగకుండా, పరుగెత్తకుండా ఆవిడ ముందునుంచి నడిచి రావాలి. నీ జీవితంలో ఆ వంద అడుగుల కన్నా కష్టమైన పని ఇంకేదీ ఉండదు, దానికి ఏ తరగతీ లేదు.

నేను నీ పక్కన నడుస్తాను. నీమీద గౌరవంతో కాదు. ఒంటరిగా నడవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి.

ఆస్లౌగ్